అద్దాల ఆఫీసుల లాభం ఏ గేటు దాకా వస్తుంది?

2025 జనవరి 3న ప్రధానమంత్రి ఢిల్లీలో కొన్ని భవనాలు ప్రారంభించారు. వాటిలో రెండింటిని పక్కపక్కన పెట్టి చూడాలి. ఒకటి నౌరోజీ నగర్‌లోని వరల్డ్ ట్రేడ్ సెంటర్. రెండోది సరోజినీ నగర్‌లో కేంద్ర ప్రభుత్వోద్యోగుల కోసం కట్టిన టైప్-2 క్వార్టర్లు, 28 టవర్లలో 2,500కు పైగా ఇళ్లు. నౌరోజీ నగర్‌లో 600కు పైగా పాతబడిన క్వార్టర్లను తీసేసి ఆ జాగాలో సుమారు 34 లక్షల చదరపు అడుగుల వాణిజ్య స్థలం కట్టామని ప్రభుత్వం చెప్పింది. ఆ స్థలాన్ని అమ్మగా వచ్చే సొమ్ముతో పాత కాలనీలను తిరిగి కట్టాలన్నది 2016 జులైలో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన పథకం. ఏడు కాలనీలు, 12,970 పాత ఇళ్ల స్థానంలో సుమారు 25,667 కొత్త ఇళ్లు, 32,835 కోట్ల రూపాయల అంచనా. ఖజానా నుంచి డబ్బు తీయక్కర్లేదు, నేల తన ఖర్చు తానే సంపాదించుకుంటుందన్నది లెక్క.

ఢిల్లీలో పట్టణ ఆర్థిక వ్యవస్థ మీద పీహెచ్‌డీ చేస్తున్నదాన్ని కాబట్టి ఈ లెక్క నాకు సెమినార్ గదుల్లో తరచూ వినబడేదే. ఆఫీసు స్థలం పెరిగితే ఉద్యోగాలొస్తాయి. ఉద్యోగాలొస్తే అద్దెలు, హోటళ్లు, ఆటోలు, టీ బళ్లు అన్నీ పెరుగుతాయి. పన్నులు పెరుగుతాయి, ఆ పన్నులతో రోడ్లూ మెట్రో వస్తాయి, వాటిని చూసి ఇంకో కంపెనీ వస్తుంది. ఇందులో ఏ ఒక్క మెట్టూ అబద్ధం కాదు. ఒకేచోట చేరిన సంస్థలు ఒకదాని వల్ల ఒకటి బలపడతాయని బెంగళూరు, హైదరాబాద్, గురుగ్రామ్ మూడూ చూపించాయి. నా పేచీ ఏమిటంటే, ప్రతి మెట్టు దగ్గరా ఒక గేటు ఉంది. ఆ గేటు దగ్గర ఎవరికి సలాం కొడుతున్నారు, ఎవరిని చీపురు ఉంటేనే లోపలికి పంపుతున్నారు అన్నది ఆ లెక్కల్లో కనబడదు.

మనకు నగరం మీద కోపం లేదు. ఊరిని పొగిడి నగరాన్ని తిట్టే అలవాటు మనది కాదు, ఊరు బయట బతికిన వాళ్లకు ఆ అలవాటు ఎట్లా వస్తుంది? 1948 నవంబర్ 4న రాజ్యాంగ సభలో బాబాసాహెబ్ పల్లె గురించి ఏమన్నారో ఈ పాఠకులకు గుర్తు చేయక్కర్లేదు. అంతకు ముప్ఫై ఏళ్ల ముందే, 1918లో, భారతదేశపు చిన్న కమతాల మీద రాసిన వ్యాసంలో ఆయన వాదన ఇదే: భూమి మీద పడి ఉన్న మిగులు జనాన్ని పరిశ్రమ వైపు తీసుకుపోకుండా కమతాల సమస్య తీరదు. నేను పాలమూరు జిల్లా దాన్ని. మా తాతల కాలం నుంచీ మా వాడ మనుషులు గుంపు మేస్త్రీల వెంట ఊర్లు పట్టుకు తిరిగి ప్రాజెక్టులూ కాలువలూ కట్టినవాళ్లు. దొర పొలంలో పాలేరుగా ఉండటం కంటే ఎక్కడో ముక్కూ మొహం తెలియని చోట తట్ట మోయడమే నయమని వాళ్లు ఏ పుస్తకం చదవకుండానే తేల్చుకున్నారు.

అయితే బాబాసాహెబ్ నగరాన్ని గుడ్డిగా నమ్మలేదు. బొంబాయి బట్టల మిల్లుల్లో అస్పృశ్యులకు పని దొరికేది. జీతం ఎక్కువుండే నేత విభాగంలోకి మాత్రం రానిచ్చేవాళ్లు కాదు. కండె మార్చేటప్పుడు దారాన్ని నోటితో పీల్చాలి, ఎంగిలి అంటుతుందని తోటి కార్మికులే అభ్యంతరం చెప్పేవాళ్లు. 1920ల చివర సమ్మెల కాలంలో ఆయన ఈ ప్రశ్నను కార్మిక నాయకుల ముందు పెట్టారు. మిల్లు వచ్చింది, నగరానికి లాభం వచ్చింది, కార్మిక సంఘం కూడా వచ్చింది. నేత విభాగం తలుపు మాత్రం తెరుచుకోలేదు. ఆఫీసుల గురించి మాట్లాడినప్పుడల్లా నాకు ఆ దారమే గుర్తొస్తుంది.

ఆఫీసు అంటే అద్దాల మేడ అని ఇప్పుడనుకుంటున్నాం కానీ, ఢిల్లీకి ఆఫీసు అంటే చాలాకాలం పాటు ప్రభుత్వ భవనమే. స్వాతంత్ర్యం వచ్చాక శాఖలు పెరిగాయి, శాఖలతో పాటు ఆర్కే పురం, సరోజినీ నగర్, నేతాజీ నగర్ లాంటి కాలనీలు పెరిగాయి. ఆ ఆఫీసులు అందంగా ఉండేవి కావు. ఫైళ్ల కట్టలు, తుప్పు పట్టిన కూలర్లు, పాన్ మరకలు. కానీ వాటి గుమ్మం దగ్గర ఒక రోస్టర్ ఉండేది. గుమస్తా, స్టెనో, ప్యూను, ఫరాష్, సఫాయివాలా, ఏ ఉద్యోగమైనా పర్మినెంటు. పెన్షన్ ఉండేది, క్వార్టర్ వచ్చేది, క్వార్టర్ దగ్గర్లో సర్కారు బడి ఉండేది. ప్యూను కొడుకు అదే భవనంలో అసిస్టెంటుగా చేరిన ఇళ్లు ఢిల్లీలో ఎన్నో ఉన్నాయి. ఉత్తర భారత దళిత మధ్యతరగతి చాలావరకు ఆ రెండు గదుల క్వార్టర్లలోనే పుట్టిందంటే అతిశయోక్తి కాదు.

ఇంకో లాభం కూడా అక్కడే పుట్టింది, దాన్ని ఏ జీడీపీ పట్టికా లెక్కవేయదు. బామ్‌సెఫ్ అనేది ఉద్యోగుల సమాఖ్య. పుణె దగ్గర రక్షణ శాఖ ప్రయోగశాలలో పనిచేసి బయటికొచ్చిన కాన్షీరామ్, 1978 డిసెంబర్ 6న ఢిల్లీలో దాన్ని నిలబెట్టింది రిజర్వేషన్ వల్ల ఆఫీసుల్లోకి వచ్చిన చదువుకున్న ఉద్యోగుల జీతం, సమయం, బుర్ర మీద ఆధారపడే. 1981లో డీఎస్4, 1984లో బీఎస్పీ దాని వెనకే వచ్చాయి. నెల మొదట్లో జీతం పడుతుందన్న భరోసా ఉన్న మనిషే చందా ఇవ్వగలడు, ఆదివారం సైకిలేసుకుని మీటింగుకు పోగలడు. ఒక నగరంలో ఎలాంటి ఆఫీసులు వస్తాయన్న దాన్ని బట్టి అక్కడ ఎలాంటి రాజకీయం సాధ్యమో కూడా తేలుతుంది.

ఆ తలుపు ఎవరూ చప్పుడు చేయకుండానే మూసుకుపోయింది. ఆరో వేతన సంఘం తర్వాత గ్రూప్-డి అనే వర్గమే పోయింది, ఊడ్చే పని, కాపలా పని ఏజెన్సీల చేతికి పోయింది. ఈరోజు కేంద్ర ప్రభుత్వ భవనంలో కూడా ఊడ్చే మనిషి అక్కడి ఉద్యోగి కాదు. కులం అదే, చీపురు అదే, పెన్షనూ క్వార్టరూ మాత్రం లేవు. ఆ పనిలోంచి బయటపడాలని కోరుకున్నవాళ్లం మనం. మనుషులు బయటపడకుండా ఆ పనికున్న భద్రత మాత్రం బయటికి పోయింది.

ఇప్పుడు నౌరోజీ నగర్ దగ్గరికి మళ్లీ వద్దాం. సంపద తరలింపు గురించి జీవితమంతా మాట్లాడిన దాదాభాయి నౌరోజీ పేరున్న కాలనీ కావడం కాకతాళీయమే అనుకోండి. అక్కడ జరిగింది దోపిడీ అని ఒక్క ముక్కలో కొట్టిపారేయడం నాకిష్టం లేదు. సరోజినీ నగర్‌లో వచ్చిన టైప్-2 ఇళ్లు చిన్న ఉద్యోగులకే. పెచ్చులూడిపోతున్న ఇంట్లో బతికినవాళ్లకు కొత్త ఇల్లు అవసరం. వేలాది చెట్లు కొట్టేయబోతున్నారని 2018లో జనం రోడ్డెక్కితే హైకోర్టు ఆపింది, దాని మీద ఇంగ్లీషు పత్రికలన్నీ రాశాయి, మంచిదే. ఎవరూ అడగని ప్రశ్న ఒకటి ఉంది. పబ్లిక్ భూమి మీద, పబ్లిక్ సంస్థ కట్టి, ఈ-వేలంలో అమ్మిన ఆఫీసు స్థలంలో ఎవరు పనిచేయాలన్న దాని మీద ఒక్క షరతు పెట్టవచ్చా లేదా? ఆ నేల మీద నిన్నటిదాకా ఉన్నది రోస్టర్ ద్వారా ఉద్యోగంలోకి వచ్చిన వాళ్లకు కూడా దక్కే ఇల్లు. రేపటి నుంచి ఉండేది రోస్టర్ గొడవ లేని ఆఫీసు. చదరపు అడుగుల్లో చూస్తే పెరిగింది. హక్కుల్లో చూస్తే ఏమైంది?

దీనికి జవాబు కావాలంటే పసుపు లైను మెట్రో ఎక్కి గురుగ్రామ్ పోవాలి. హర్యానా 1975లో తెచ్చిన చట్టం ప్రైవేటు బిల్డర్లు లైసెన్సు తీసుకుని కాలనీలు వేసేందుకు దారి తెరిచింది. డీఎల్ఎఫ్ రైతుల దగ్గర భూములు కొనుక్కుంటూ పోయింది. 1983లో మారుతీ కారు బయటికొచ్చింది. 1997లో జీఈ తన బ్యాక్ ఆఫీసు మొదలుపెట్టింది, అదే తర్వాత జెన్‌ప్యాక్ట్ అయింది. ఆ వెనక సైబర్ సిటీ, కాల్ సెంటర్లు, కన్సల్టెన్సీలు. మెట్రో 2010లో వచ్చింది. మునిసిపల్ కార్పొరేషన్ 2008లో ఏర్పడింది, దానికి మొదటి ఎన్నికలు 2011లో జరిగాయి. అంటే ముందు ఆఫీసులు వచ్చాయి, ఓటు తర్వాతెప్పుడో వచ్చింది. వాన పడితే ఆ నగరం ఎందుకు మునుగుతుందని ఆశ్చర్యపోయేవాళ్లు ఈ వరసను ఒకసారి చూసుకోవాలి.

నాథూపూర్, సికందర్‌పూర్, చక్కర్‌పూర్ ఇప్పటికీ ఆ మేడల మధ్య ఊళ్లుగానే ఉన్నాయి. భూమి అమ్మినవాళ్లకు డబ్బొచ్చింది, ఆ డబ్బుతో నాలుగైదంతస్తుల గదులు వేసి అద్దెలకిచ్చారు. అలా గ్రామీణులు కూడా లాభపడ్డారని పుస్తకాలు రాస్తాయి. ఏ గ్రామీణులు? జాట్లు, యాదవులు, గుజ్జర్లు, పేరు మీద భూమి ఉన్నవాళ్లు. అదే పొలాల్లో తరతరాలు కూలి చేసిన చమార్, వాల్మీకి కుటుంబాల పేరు మీద అమ్ముకోవడానికి ఏముంది? వాళ్లకు పోయింది కూలి, పశువులు మేసే ఉమ్మడి బీడు. వాటికి రిజిస్ట్రేషన్ కాగితం ఉండదు, అందుకే ధరా ఉండదు. నోయిడా వైపు కూడా ఇదే. 2011 అక్టోబర్‌లో అలహాబాద్ హైకోర్టు అక్కడి రైతులకు 64.7 శాతం అదనపు పరిహారం, అభివృద్ధి చేసిన భూమిలో 10 శాతం ఇవ్వమంది. రైతుల పోరాటం న్యాయమైనదే, గెలిచారు. ఆ తీర్పులో భూమిలేని కూలీ దక్కించుకున్నది ఏమీ లేదు. భూమి లేకున్నా ఆ భూమి మీద బతికినవాళ్లు కూడా బాధితులేనని చట్టం ఒప్పుకోవడానికి 2013 దాకా పట్టింది. అప్పటికి గురుగ్రామ్ అయిపోయింది.

తెలుగు నేలకు వస్తే ఈ కథలో ఇంకో మలుపుంది. మన దగ్గర దళితులకు కొంత భూమి ఉంది, అసైన్డ్ భూమి. అమ్ముకోకూడదని 1977 చట్టం చెప్పింది, మన రక్షణ కోసమే. ప్రభుత్వానికి అవసరమైతే మాత్రం వెనక్కి తీసుకోవచ్చు. పట్టా రైతుకు మార్కెట్ ధర, అసైన్డ్ రైతుకు దయ తలిచి ఇచ్చేంత అన్న పద్ధతి ఏళ్ల తరబడి నడిచింది. చేవెళ్ల డివిజన్ నుంచి వెళ్లిన కేసులో 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విస్తృత ధర్మాసనం ఇది చెల్లదని, వాళ్లకూ పట్టాదారులతో సమానంగా పరిహారం ఇవ్వాలని చెప్పింది. సైబర్ టవర్స్‌ను 1998 నవంబర్‌లో ప్రారంభించారన్నది గుర్తుపెట్టుకుని ఈ తీర్పు తేదీని చూడండి. మా చిన్నాయన మాదాపూర్‌లో ఆ తర్వాత లేచిన మేడలకు కూలి పని చేశాడు. నేను ఈ పరిశోధన మొదలుపెట్టానని తెలిసి ఒకసారి ఫోన్లో అన్నాడు: "ఏడో అంతస్తు స్లాబు పోసిననాడు నెత్తిన తట్టతోని పొద్దుందాక నడిచిన బిడ్డా. మొన్న మీ తమ్ముణ్ని ఇంటర్వ్యూకు తోల్కపోతే నన్ను గేటుకాడ్నే నిలవెట్టిన్రు." ఆయన నవ్వుతూనే చెప్పాడు. మా తమ్ముడికి ఆ ఉద్యోగం రాలేదు, అది వేరే సంగతి.

ఉద్యోగాల లెక్కకు వద్దాం. ఆర్థికవేత్త ఎన్రికో మొరెట్టి అమెరికా నగరాలను పరిశీలించి, ఒక హైటెక్ ఉద్యోగం వస్తే కాలక్రమంలో ఆ నగరంలో మరో అయిదు ఉద్యోగాలు పుడతాయని 2012లో వచ్చిన తన పుస్తకంలో రాశాడు. ఆఫీసు పార్కుల ప్రచారంలో ఇలాంటి లెక్కే వేర్వేరు రూపాల్లో కనిపిస్తుంది. ఆయన ఇంకో మాట కూడా రాశాడు, దాన్ని ప్రచారంలో వదిలేస్తారు: ఆ అయిదింటిలో రెండు డాక్టర్లు, లాయర్ల లాంటి పనులు, మూడు వెయిటర్లు, దుకాణం గుమస్తాల లాంటివి. కులం లేని దేశంలో ఆ మూడింటిలో చేరిన మనిషి బిడ్డ రేపు ఆ రెండింటిలోకి పోవచ్చు. మన దగ్గర ఆ అయిదు ఉద్యోగాలూ ముందే ఇంటిపేర్లు రాసుకుని పుడతాయి. కోడ్ రాసేది ఎవరు, కేసు వాదించేది ఎవరు, టాయిలెట్ కడిగేది ఎవరు అని గురుగ్రామ్‌లో ఏ టవర్ ముందైనా సాయంత్రం ఒక గంట నిలబడితే సర్వే అక్కర్లేకుండా తెలుస్తుంది.

సర్వేలు కూడా ఉన్నాయి. సుఖదేవ్ థోరట్, పాల్ అటివెల్ ఒకే అర్హతలతో వేర్వేరు ఇంటిపేర్ల దరఖాస్తులు ప్రైవేటు కంపెనీలకు పంపి చూశారు. సవర్ణ పేరుకు వచ్చినంతగా దళిత పేరుకు పిలుపులు రాలేదు. సురీందర్ జోధ్కా, కేథరిన్ న్యూమన్ హెచ్ఆర్ మేనేజర్లతో మాట్లాడితే అందరూ మెరిట్ అన్నారు, అదే నోటితో ఇంటర్వ్యూలో కుటుంబ నేపథ్యం అడుగుతామన్నారు. ఈ రెండూ 2007లో వచ్చాయి. న్యాయంగా చెప్పాలంటే, ఢిల్లీలోనే 2009లో అచ్చయిన మరో ప్రయోగంలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలకు కులాన్ని బట్టి పిలుపుల్లో తేడా కనబడలేదు, కాల్ సెంటర్లలో కొంత కనబడింది. సవర్ణ మిత్రులు ఆ మొదటి సగాన్ని నాకు చాలాసార్లు చూపించారు. నాకు అందులో అర్థమైంది ఇది: నైపుణ్యాన్ని కాగితం మీద చూపించగలిగిన చోట కులం కాస్త వెనక్కి తగ్గుతుంది, మాటతీరు, యాస, మర్యాద లాంటివి చూసే చోట ముందుకొస్తుంది. మాటతీరు ఎక్కడ నేర్పుతారు? ఇంట్లో. ఇల్లు ఎక్కడుంది?

ఇల్లు అన్నాను కాబట్టి అదీ చూద్దాం. ఆఫీసు వస్తే చుట్టూ అద్దె ఇళ్ల మార్కెట్ పెరుగుతుందన్నది ఇంకో లాభం. థోరట్ బృందం 2012లో ఢిల్లీ, గురుగ్రామ్, నోయిడా, ఘజియాబాద్, ఫరీదాబాద్‌లలో అద్దె ఇళ్ల కోసం ఫోన్లు చేయించింది. సవర్ణ పేర్లకు దాదాపు ఎక్కడా కాదనలేదు. దళితుల్లో చాలామందికి ఇల్లు లేదన్నారు, లేదంటే అదనపు షరతులు పెట్టారు. ముస్లింలకు ఇంకా ఎక్కువ. నేను ఢిల్లీకి వచ్చిన మొదటి ఏడాది ఒక ఇంటావిడ నా ఇంటిపేరు రెండుసార్లు పలికించుకుని, "ఆంధ్రావాళ్లలో ఇదేం కులం" అని నేరుగానే అడిగింది. నేను తెలంగాణ అన్నాను. గది మాత్రం దొరకలేదు. మెట్రోకు దగ్గరున్న గది దొరకకపోతే రోజుకు గంటన్నర ప్రయాణం, నెలకు కొన్ని వేల ఖర్చు. ఆఫీసు జీతం ఇద్దరికీ ఒకటే అయినా చేతికి మిగిలేది ఒకటి కాదు.

పరిశోధన కోసం నేను ఎక్కువగా మాట్లాడింది హౌస్‌కీపింగ్ వాళ్లతో. ఒకామె బుందేల్‌ఖండ్ నుంచి వచ్చింది, చక్కర్‌పూర్‌లో నలుగురితో కలిసి ఒక గదిలో ఉంటుంది. తొమ్మిదేళ్లుగా ఒకే టవర్, ఒకే అంతస్తు. ఈ తొమ్మిదేళ్లలో ఆమె యజమాని నాలుగుసార్లు మారాడు. టెండర్ మారినప్పుడల్లా ఏజెన్సీ మారుతుంది, కార్డు మారుతుంది, ఆమె మళ్లీ కొత్తగా చేరినట్టు లెక్క. గ్రాట్యుటీకి ఒకే యజమాని దగ్గర అయిదేళ్ల సర్వీసు కావాలని 1972 చట్టం చెప్పేది. తొమ్మిదేళ్ల చాకిరీలో ఆమెకు అయిదేళ్లు ఎప్పుడూ పూర్తి కాలేదు. ఆ అంతస్తు ఉద్యోగుల మెడలో నీలం తాడు, వీళ్ల మెడలో ఎర్ర తాడు. లిఫ్టు వేరు, తినే చోటు వేరు, గిన్నెలు కూడా వేరు. అంటరానితనం అని ఎవరూ అనరు. అది ఫెసిలిటీ మేనేజ్‌మెంట్ పాలసీ. "దీదీ, పేరు రాయకండి," అంది, "తాడు రంగు రాసుకోండి."

భవనాల కింద ఇంకో లోకం ఉంది. పెద్ద సముదాయాలకు సొంత మురుగు శుద్ధి ట్యాంకులుంటాయి. 2018 సెప్టెంబర్‌లో ఢిల్లీ మోతీనగర్‌లో ఒక అపార్ట్‌మెంట్ సముదాయపు ట్యాంకులో దిగి అయిదుగురు చనిపోయారు. మనుషులను దింపడాన్ని నిషేధించిన చట్టం వచ్చి అప్పటికి అయిదేళ్లు. సుప్రీంకోర్టు 2014లో 10 లక్షలని చెప్పిన పరిహారాన్ని 2023 అక్టోబర్‌లో 30 లక్షలు చేసింది. ఆఫీసు స్థలం అద్దె చదరపు అడుగుకు ఇంత అని చెప్పే బ్రోకర్ నివేదికల్లో ఈ ఖర్చుకు ఒక గడి ఉండదు.

పన్నుల దగ్గర నాకు చాలామందితో వాదన జరుగుతుంది, ఎందుకంటే అందరూ ఇక్కడ లెక్క స్పష్టంగా ఉందనుకుంటారు. ఆఫీసులు వస్తే నగరానికి పన్నులొస్తాయంటారు. ఏ నగరానికి? కంపెనీ లాభం మీద, ఉద్యోగి జీతం మీద ఆదాయపు పన్ను కేంద్రానికి పోతుంది. దాన్లోంచి రాష్ట్రాలకు ఎంతన్నది ఫైనాన్స్ కమిషన్ తేలుస్తుంది. 1990ల నుంచి 2011 మార్చి దాకా సాఫ్ట్‌వేర్ టెక్నాలజీ పార్కుల ఎగుమతి లాభాలకు ఆదాయపు పన్నులోనే మినహాయింపు. ఎగుమతి చేసిన సేవలకు జీఎస్టీ సున్నా. రిజిస్ట్రేషన్ చార్జీలు, లైసెన్సు ఫీజులు రాష్ట్రానికి. నగరానికి నేరుగా మిగిలేది ప్రధానంగా ఆస్తి పన్ను, మన నగరాలు దాన్ని వసూలు చేయాల్సిన దాంట్లో చిన్న భాగమే వసూలు చేస్తాయని 2016-17 ఆర్థిక సర్వేనే బెంగళూరు, జైపూర్‌లను ఉదాహరణగా చూపి చెప్పింది.

ఇక వృత్తి పన్ను. రాజ్యాంగం 276వ అధికరణ ప్రకారం ఒక మనిషి మీద ఏడాదికి 2,500 రూపాయలు దాటి వేయకూడదు. ఆ పరిమితి 1988లో పెట్టారు, ఇప్పటికీ అంతే. ఢిల్లీ, హర్యానా, ఉత్తరప్రదేశ్ ఈ పన్ను అసలే వేయవు. మన తెలంగాణలో 20,000 దాటిన జీతానికి నెలకు 200. అంటే 21,000 జీతం వచ్చే సూపర్‌వైజరూ, మూడు లక్షలు తీసుకునే మేనేజరూ ఒకటే కడతారు. 1925లో బ్రిటిష్ ఇండియాలో రాష్ట్రాల ఆర్థిక వ్యవస్థ మీద పుస్తకం వేసిన అంబేద్కర్‌ను మనం విగ్రహాల్లో చూసుకుంటాం గానీ, ఎవరు పన్ను కడుతున్నారు, ఎవరు ఖర్చు చేస్తున్నారు, ఎవరికి జవాబు చెప్తున్నారు అన్న ఆయన ప్రశ్నలను మన విద్యార్థి సంఘాల క్లాసుల్లో చదవడం తక్కువ. ఇది నాకు నిజంగా బాధ.

జవాబు చెప్పడం అన్న చోట నోయిడాను మించిన ఉదాహరణ లేదు. 1976లో ఏర్పడిన అథారిటీయే అక్కడ భూమి ఇస్తుంది, రోడ్డు వేస్తుంది, చెత్త తీయిస్తుంది. ఎన్నికైన మునిసిపాలిటీ లేదు. రాజ్యాంగం 243క్యూ అధికరణలోని ఒక మినహాయింపు, పారిశ్రామిక టౌన్‌షిప్ అంటే మునిసిపాలిటీ అక్కర్లేదంటుంది. 74వ సవరణ దళితులకు, ఆదివాసులకు, మహిళలకు పట్టణ సంస్థల్లో సీట్లు కేటాయించింది. మునిసిపాలిటీయే లేకపోతే రిజర్వేషన్ ఎక్కడ పెడతారు? లక్షలమంది ఉన్న నగరంలో ఒక్క దళిత కౌన్సిలర్ ఉండే అవకాశం లేదు. అదే నోయిడాలో 2011 అక్టోబర్‌లో మాయావతి రాష్ట్రీయ దళిత్ ప్రేరణా స్థల్ ప్రారంభించినప్పుడు పబ్లిక్ సొమ్ము వృథా అని గోల చేసిన పత్రికలున్నాయి. దాని చుట్టూ వచ్చిన టవర్లకు పబ్లిక్ భూమి ఏ షరతుల మీద పోయిందని అంత గట్టిగా అడిగిన సంపాదకీయం నేను చూడలేదు.

షరతులు పెట్టలేమన్నది కూడా నిజం కాదు. 2006లో ప్రైవేటు రంగంలో రిజర్వేషన్ చర్చ వచ్చినప్పుడు జె.జె. ఇరానీ నాయకత్వంలోని సీఐఐ, అసోచామ్ టాస్క్‌ఫోర్స్ చట్టం వద్దు, స్వచ్ఛందంగా చేస్తామంది. ఆ స్వచ్ఛందం ఎంతవరకు వచ్చిందో టవర్ల కిందే కనబడుతోంది. అదే హర్యానా 2020లో ప్రైవేటు ఉద్యోగాల్లో 75 శాతం స్థానికులకే అని చట్టం చేసింది, నెలకు 30,000 దాకా జీతమున్న ఉద్యోగాలకు వర్తింపజేసింది. ఆంధ్రప్రదేశ్ 2019లోనే పరిశ్రమల్లో అలాంటిది చేసింది. హర్యానా చట్టాన్ని 2023 నవంబర్‌లో హైకోర్టు కొట్టేసింది. అది నిలబడాలని నేను అనడం లేదు, స్థానికత పేరుతో వచ్చే కోటా బీహారీ, బుందేల్‌ఖండీ కూలీని ముందు తంతుంది. నేను చెప్పేది, ప్రైవేటు కంపెనీకి నియామకాల్లో షరతు పెట్టడం ఊహకందని విషయమేమీ కాదని. ఓట్లున్న కులాలు అడిగితే అసెంబ్లీ ఒక్క పూటలో ఊహించేసింది.

నౌరోజీ నగర్ లాంటి చోట అంత దూరం కూడా పోనక్కర్లేదు. అక్కడ భూమి మనందరిది. కేంద్ర ప్రభుత్వ సంస్థలు తాము కొనేదాంట్లో 4 శాతం దళిత, ఆదివాసీ పారిశ్రామికుల నుంచి కొనాలని 2012 నుంచీ ఆర్డరు ఉంది. టేబులూ కుర్చీ కొనడానికి ఒక నియమం ఉన్నప్పుడు, ఆఫీసు స్థలం అమ్మకపు ఒప్పందంలో ఒక నియమం ఎందుకు ఉండకూడదు? ఏజెన్సీ మారినా కార్మికురాలి సర్వీసు కొనసాగాలి. ట్యాంకులోకి మనిషి దిగితే యజమాని భవనం సొంతదారే అవ్వాలి, ఏజెన్సీ కాకూడదు. ప్రతి అంతస్తులో, నీలం తాడు ఎవరికి ఎర్ర తాడు ఎవరికి అన్నది కులం వారీగా ఏటా బయటపెట్టాలి. 2027 జనగణనలో కులం లెక్కిస్తామని కేంద్రం 2025 ఏప్రిల్ 30న ప్రకటించింది. మనుషుల కులం లెక్కపెట్టి, మనుషులు పనిచేసే అంతస్తుల కులం లెక్కపెట్టకపోతే సగం పనే అయినట్టు.

ఈ ఏడు కాలనీల పథకంలో అమ్మకపు ఒప్పందాల ప్రతుల కోసం, నిర్వహణ కాంట్రాక్టుల కోసం సమాచార హక్కు దరఖాస్తులు రాస్తున్నాను. హైదరాబాద్‌లో రాయదుర్గం, కోకాపేట వేలాల మీద ఇదే పని చేయగల విద్యార్థులు ఉస్మానియాలో, హెచ్‌సీయూలో ఉన్నారు. భూమి ఎకరం ఎంతకు పోయిందో అందరూ రాస్తున్నారు. ఒప్పందం కాగితం తీసి, అందులో పనిచేసే మనిషి గురించి ఎన్ని వాక్యాలున్నాయో లెక్కపెట్టండి.